‘రక్తం తక్కువ’ అన్న మాటతో ఆగిపోకండి

1991వ సంవత్సరం వేసవిలో ఒకనాటి సాయంకాలం లాలాగూడ నుండి దంపతులిద్దరు పదునాలుగు నెలల మగబిడ్డను ఎత్తుకొని మల్కాజ్‌గిరిలోని నా వైద్యశాలకు వచ్చారు. బిడ్డ ముఖం పాలిపోయి ఉంది. కనురెప్పను క్రిందికి లాగి చూస్తే లోపలి పొరలో ఎరుపన్నదే లేదు. ఎడమ ప్రక్కటెముకల క్రింద ప్లీహం చేతికి గట్టిగా తగిలింది. పాలు సరిగా త్రాగడనీ, ఆడుకోడనీ, ఎప్పుడూ భుజం మీదనే నిద్రపోతాడనీ తల్లి చెప్పింది. గురుకులంలో గురువుగారి ఎదుట కూర్చొని పాండురోగ ప్రకరణాన్ని కంఠస్థం చేసినవాడిని నేను. నాడి చూశాను, నాలుక చూశాను, పాండువని నిర్ణయించాను. పునర్నవాది మండూరాన్ని మజ్జిగతో ఇమ్మని చెప్పి, పథ్యం వ్రాసి పంపాను.

మూడు నెలలు గడిచాయి. ఒకనాడు ఆ తల్లి బిడ్డను నా బల్ల మీద పడుకోబెట్టి, “అయ్యా, చెప్పినట్లే చేసిన. పిల్లగాని ముఖంల రంగు ఇంక రాకపాయె. అసలు ఇది ఏం బీమారి?” అని అడిగింది. “రక్తం తక్కువమ్మా, కొంచెం ఓపిక పట్టాలి” అన్నాను. ఆమె అడిగినది జబ్బు పేరు. నేను చెప్పినది లక్షణం. ఈ రెండింటి నడుమ ఎంత దూరం ఉన్నదో నాకు ఆ దినం తెలియదు.

మోకాళ్ల నొప్పులకు మందు తీసుకోవడానికి తార్నాక నుండి వచ్చే ఒక పెద్దమనిషి, పదవీ విరమణ చేసిన శాస్త్రజ్ఞులు, ఆ సమయంలో అక్కడే కూర్చొని ఉన్నారు. దంపతులు వెళ్లిన తరువాత ఆయన మెల్లగా, “వైద్యులుగారూ, వీరిది మేనరికమా? బిడ్డ రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను వేరుపరచి చూసే పరీక్ష ఏదైనా చేయించారా?” అన్నారు. మేనరికమే. పరీక్ష మాత్రం చేయించలేదు. అటువంటి పరీక్ష ఒకటి ఉన్నదని కూడా నాకు అప్పటికి తెలియదు. ఆయన చెప్పిన చోటికి బిడ్డను పంపించాను. తేలిన జబ్బు పేరు బీటా తలసేమియా మేజర్.

ఆ జబ్బులో రక్తం తక్కువే గాని ఇనుము తక్కువ కాదు. హిమోగ్లోబిన్‌ను నిర్మించే సూచనలోనే పుట్టుకతో లోపం ఉంటుంది. శరీరం ఆహారంలోని ఇనుమును అవసరానికి మించి పీల్చుకొంటుంది. ఆపైన ఎక్కించే రక్తం ద్వారా మరింత ఇనుము చేరుతుంది. అది గుండెలోను, కాలేయంలోను, శరీరంలోని గ్రంథులలోను పేరుకొని పోతుంది. అటువంటి బిడ్డకు నేను మూడు నెలలపాటు లోహకల్పం ఇచ్చాను. మందు మంచిదే, గ్రంథోక్తమైనదే. రోగి మాత్రం ఆ మందుకు తగినవాడు కాడు.

అంతకంటె నన్ను కలచివేసిన విషయం మరొకటి. పరీక్ష ఫలితం వచ్చేనాటికి ఆ తల్లి ఐదవ నెల గర్భవతి. తల్లిదండ్రులిద్దరూ ఈ లోపాన్ని మోస్తున్నవారైతే, కలిగే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుందని వారికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవారిలో మొదటివాడిని నేను. ఆనాటి నుండి నా వైద్యశాలలో మందుల బీరువా ప్రక్కన కాగితాల బీరువా ఒకటి చేరింది. రక్తవ్యాధి ఉన్నవారికి మందు ఇచ్చేముందు సమాచారం ఇవ్వడం నా వృత్తిధర్మంలో భాగమైంది. ముప్పది ఏళ్లకు పైగా అలా కూడబెట్టినదే ఈ వ్యాసం.

పాండువు ఒక్కటి కాదు

చరక సంహితలో పాండురోగం ఐదు విధాలుగా చెప్పబడింది. వాతజం, పిత్తజం, కఫజం, సన్నిపాతజం, మట్టి తినడం వలన కలిగేది. మట్టి, బలపాలు, బియ్యం నమిలే పిల్లలలోను, గర్భిణులలోను ఇనుము లోపం సర్వసాధారణమని నేటి వైద్యం కూడా అంగీకరిస్తుంది. పూర్వులు బీజం గురించీ, బీజభాగం గురించీ, ఆ భాగంలోని అవయవం గురించీ కూడా చెప్పారు. తల్లిదండ్రుల బీజంలోని ఏ భాగం దూషితమైతే సంతానంలో ఆ భాగానికి సంబంధించిన వికృతి కలుగుతుందని వారి సిద్ధాంతం. ఇంత చెప్పిన శాస్త్రాన్ని చదువుకొని కూడా, పాలిపోయిన ప్రతి ముఖానికీ ఇనుమే మందు అనుకోవడం శాస్త్ర దోషం కాదు, చదివినవాడి దోషం.

మన ఎర్ర రక్తకణం ఎముకల మజ్జలో పుట్టి సుమారు 120 దినాలు జీవిస్తుంది. కణం పుట్టడానికి కావలసిన పదార్థం లోపించవచ్చు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 లోపాలు ఈ కోవలోనివి. కణం నిర్మాణమే వికటించవచ్చు. తలసేమియా, సికిల్ సెల్ ఇటువంటివి. మజ్జయే ఎండిపోవచ్చు, దానిని అప్లాస్టిక్ అనీమియా అంటారు. మజ్జలో పనికిరాని కణాలు విపరీతంగా పెరగవచ్చు, అది లుకేమియా. ఇవేవీ కాక, మొలల వలననో, అధిక ఋతుస్రావం వలననో, నులిపురుగుల వలననో రక్తం బయటకు పోతూ ఉండవచ్చు. పైకి అన్నింటిలోను కనిపించేది పాలిపోవడం, ఆయాసం, నీరసమే. చికిత్సలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వేరు.

పెద్దలలో పురుషులకు 13, స్త్రీలకు 12, గర్భిణులకు 11 గ్రాముల కంటె హిమోగ్లోబిన్ తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. హైదరాబాదులో ఏ ప్రయోగశాలలోనైనా చేసే సి.బి.పి. పరీక్ష కాగితం మీద ఈ ఒక్క అంకెను చూసి మడిచి పెట్టవద్దు. దాని క్రిందనే ఎం.సి.వి. అనే అంకె ఉంటుంది. అది ఎర్రకణం పరిమాణం. 80 కంటె తగ్గితే కణాలు చిన్నవైనాయని అర్థం. ఇనుము లోపంలోనూ చిన్నవే, తలసేమియా లోపాన్ని మోసేవారిలోనూ చిన్నవే. అయితే ఇనుము లోపంలో కణాల సంఖ్య సాధారణంగా తగ్గుతుంది, రెండవదానిలో తరచు మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది. రెండు మూడు నెలలు ఇనుము మాత్రలు గాని, లోహకల్పాలు గాని శ్రద్ధగా వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోతే మందు మార్చడం కాదు, పరీక్ష మార్చాలి. ఈ ఒక్క వాక్యాన్ని ఇంటి గోడ మీద వ్రాసి పెట్టుకొన్నా తప్పు లేదు.

తార్నాక, భీమవరం చెప్పే పాఠం

నేను ఉదయపు నడకకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వెళ్తుంటాను. తిరుగు ప్రయాణంలో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ముందు నుండి వస్తాను. 1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు ఒక చిన్న గదిలో మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించినది ఈ సంస్థయే.

కూనూరు పేరు వినగానే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు గుర్తుకు వస్తుంది. 1930 ప్రాంతంలో ఆమె మన దేశంలోనే ఉండి, గర్భిణులలో కనిపించే ఒక విధమైన తీవ్ర పాండువు ఈస్టు సారంతో తగ్గుతున్నదని కనుగొన్నారు. ఆ సారంలోని గుణద్రవ్యం ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. దానిని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో కనుగొన్న బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారని ఆయుర్వేద విద్యార్థులలో చాలమందికి తెలియదు.

కథ అక్కడితో ముగియలేదు. గర్భిణుల పాండువును మాన్పిన ఫోలిక్ ఆమ్లమే లుకేమియా ఉన్న పిల్లలకు ఇస్తే జబ్బు మరింత వేగిరపడుతున్నట్లు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు గమనించారు. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే మందు ఇస్తే ఏమవుతుందని ఆయన ఆలోచించారు. అటువంటి మందు, అమినాప్టెరిన్, సుబ్బారావుగారి బృందం నుండి వచ్చింది. దానితో పిల్లల లుకేమియా తాత్కాలికంగానైనా తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మొదటి అడుగు తరువాత అనేక మందుల కలయికతో నేడు సకాలంలో గుర్తించి పూర్తి చికిత్స చేయించిన పిల్లలలో అత్యధికులు ఈ జబ్బు నుండి బయటపడుతున్నారు.

ఒకరికి ప్రాణం పోసిన పదార్థమే మరొకరికి విషమైంది. ఇనుము విషయంలో నేను నేర్చుకొన్నదీ ఇదే. పోషకమైనా, మూలికైనా, భస్మమైనా ముందు జబ్బు పేరు తెలియాలి.

చెట్టు క్రింద కాగితాలు

విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉండి చదువుకొనే ఆదిలాబాదు ప్రాంతపు గిరిజన విద్యార్థి ఒకడు కొన్నేళ్ల క్రితం కీళ్లనొప్పులని నా వద్దకు వచ్చాడు. చలికాలం రాగానే ఎముకలు పగిలిపోతున్నట్లు నొప్పి, కళ్లలో పసుపు ఛాయ. ఆమవాతానికి ఎందరో మందులు ఇచ్చారు. నా బీరువాలోని మొదటి కాగితం నన్ను హెచ్చరించింది. పరీక్షకు పంపాను. సికిల్ సెల్ వ్యాధి అని తేలింది. కొడవలి ఆకారంలోకి మారిన కణాలు సన్నని రక్తనాళాలలో ఇరుక్కొని ఆ నొప్పిని కలిగిస్తాయి. ధారాళంగా నీరు త్రాగాలనీ, చలిలో తడవరాదనీ, జ్వరాన్ని ఉపేక్షించరాదనీ, హైడ్రాక్సీయూరియా అనే మాత్రను వైద్యుని పర్యవేక్షణలో వాడితే నొప్పి దాడులు తగ్గుతాయనీ అతనికి అంతవరకు తెలియదు. తెలిసిన తరువాత తన తమ్ముళ్లకూ పరీక్ష చేయించాడు.

అతనే ఒక ఆదివారం జన్యుశాస్త్రం చదివే ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చాడు. “తాతా, మీ దగ్గరికి వచ్చేటోళ్ల రిపోర్టులు ఇంగ్లీషుల ఉంటయి. మేము తెలుగుల రాసిస్తం” అన్నారు. నడక ముగిసిన తరువాత ప్రాంగణంలో ఒక చెట్టు క్రింద అరుగు మీద కూర్చునేవాళ్లం. మౌలాలి, నేరేడ్‌మెట్, మెట్టుగూడ నుండి కుటుంబాలు కాగితాలతో వచ్చేవి. వారికి మేము చికిత్స చేయలేదు, సలహా కూడా ఇవ్వలేదు. కాగితం మీద ఉన్నది వారి భాషలో చెప్పి, వారి వైద్యుణ్ణి ఏమి అడగాలో వ్రాసి ఇచ్చేవాళ్లం. ఒక తండ్రి కూతురి కాగితాన్ని మూడేళ్లుగా జేబులో పెట్టుకొని తిరిగాడు. అందులో ఏమి ఉన్నదో మొదటిసారి వినిపించినప్పుడు ఆయన, “గింతేనా? నేను ఇంకేమో అనుకొని రాత్రిళ్లు నిద్రపోలేదు” అని కళ్లు తుడుచుకొన్నాడు. తెలియకపోవడంలోని భయం చాలసార్లు జబ్బు కంటె పెద్దది.

రోగికి ఉండవలసిన నాలుగు గుణాలు

చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నలుగురూ నాలుగు పాదాలని చరకుడు చెప్పాడు. రోగి పాదానికి నాలుగు గుణాలు ఉండాలి. జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడుచుకొనడం, భయపడకుండడం, తన స్థితిని వైద్యునికి తెలియజెప్పగలగడం. రక్తవ్యాధులు ఏళ్ల తరబడి సాగేవి. జ్ఞాపకాన్ని మనస్సుకు మాత్రమే అప్పగించకూడదు. ఇంట్లో ఒక ఫైలు ఉండాలి. అందులో ఇవి ఉండాలి.

మొదటిది, జబ్బు పూర్తి పేరు, దానిని నిర్ధారించిన మొదటి పరీక్ష కాగితం. హిమోగ్లోబిన్ రకాల పరీక్షను రక్తం ఎక్కించకముందే చేయించాలి. ఎక్కించిన తరువాత దాత రక్తం కలిసి ఫలితం తారుమారు కావచ్చు. రెండవది, రక్తవర్గం, రక్తం ఎక్కించిన తేదీలు, ప్రతిసారీ ఎక్కించకముందు ఉన్న హిమోగ్లోబిన్, ఏదైనా వికటించి ఉంటే ఆ వివరం. మూడవది, ఫెరిటిన్ పరీక్షలు. ఒక్క యూనిట్ రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. శరీరం రోజుకు వదలగలిగేది ఒక మిల్లీగ్రాము మాత్రమే. తలసేమియా బిడ్డకు పది ఇరవై సార్లు రక్తం ఎక్కించేసరికి, లేదా ఫెరిటిన్ 1,000 దాటేసరికి, ఇనుమును బయటకు పంపే మందు గురించి వైద్యులు ఆలోచిస్తారు. నాలుగవది, వేయించిన టీకాలు, కామెర్లు, ఎయిడ్స్ వంటి వాటికి చేసిన పరీక్షలు. ఐదవది, వాడిన ప్రతి మందు పేరు, మూలికలతో సహా.

ఇక వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలు. అడగడం అవమానపరచడం కాదు. మంచి వైద్యుడు అడిగే రోగిని చూసి సంతోషిస్తాడు.

1. జబ్బు పూర్తి పేరు ఏమిటి? దయచేసి వ్రాసి ఇస్తారా?
2. ఇది ఏ పరీక్షతో నిశ్చయమైంది? ఇంకా ఏదైనా మిగిలి ఉన్నదా?
3. వంశపారంపర్యమా? ఇంట్లో ఇంకెవరికి పరీక్ష చేయించాలి?
4. చికిత్స లక్ష్యం పూర్తిగా నయం చేయడమా, అదుపులో ఉంచడమా?
5. ఏ లక్షణం కనిపిస్తే తెల్లవారే వరకు ఆగకుండా ఆసుపత్రికి రావాలి?
6. ఏ మందులు, మూలికలు, ఆహారాలు కూడవు?
7. ఖర్చు ఎంత? ఏ పథకం క్రింద సహాయం దొరుకుతుంది?

నాలుగవ ప్రశ్నకు జవాబు వినడానికి ధైర్యం కావాలి. మన శాస్త్రం వ్యాధులను సుఖసాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని నాలుగుగా విభజించింది. యాప్యమంటే మానదు గాని పథ్యంతో, చికిత్సతో నిలబడుతుంది. పడిపోబోయే ఇంటికి పెట్టిన ఊతకోలతో సుశ్రుతుడు దీనిని పోల్చాడు. ఊతకోల తీయకపోతే ఇల్లు నిలుస్తుంది. ఎన్నో రక్తవ్యాధులు నేడు ఈ కోవలోనివే. ఊత తీసివేసి, మూలికతో మాన్పుతానని చెప్పేవారిని నమ్మవద్దు. లుకేమియా వంటి కొన్ని వ్యాధులకు అద్భుత చికిత్స ఉన్నదని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

ఇంటి వైద్యం ఎక్కడ ఆగాలి

ఇనుము లోపమని నిర్ధారణ అయితే మన వంటింట్లో కావలసినంత మందు ఉంది. తోటకూర, మునగాకు, నువ్వులు, రాగులు, పప్పులు తినాలి. వాటితో పాటు ఉసిరి, నిమ్మ, జామ తీసుకొంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం చేసిన వెంటనే తేనీరు త్రాగకూడదు. అదే తలసేమియా మేజర్ ఉన్నవారికి భోజనంతో తేనీరు మేలు చేస్తుంది, ఎందుకంటే అది ఇనుమును అడ్డుకొంటుంది. ఒకరి అపథ్యం మరొకరి పథ్యం. తలసేమియా ఉన్నవారికి లోహభస్మం, మండూరం, నవాయస లోహం వంటివి ఇవ్వరాదని నా తోటి వైద్యులకు వినయపూర్వకంగా మనవి చేస్తున్నాను. శుద్ధి సరిగా లేని, పరీక్షింపబడని భస్మాలలో సీసం ఉంటే అదే రక్తహీనతకు కారణమవుతుంది.

తగిలిన చిన్న దెబ్బకు మోకాలు బూరెలాగా వాచే మగపిల్లవాణ్ణి నూనెతో మర్దన చేయించవద్దు. అది హిమోఫీలియా కావచ్చు, లోపల రక్తం కారుతూ ఉండవచ్చు. అటువంటివారికి జలగలు పట్టించడం, రక్తమోక్షణం, కండరంలో సూదిమందు, ఆస్పిరిన్ మాత్ర ఏవీ కూడవు. తలకు దెబ్బ తగిలితే రక్తం కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవారికి బట్టల పెట్టెలో వేసే కలరా ఉండల వాసన, కొన్ని మలేరియా మందులు, సల్ఫా మందులు ఎర్రకణాలను చిట్లిస్తాయి. అటువంటి పసిబిడ్డకు గోరింటాకు పెట్టడం కూడా ప్రమాదమే.

ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే బొప్పాయి ఆకు రసం త్రాగించడం ఇప్పుడు ఇంటింటా ఉంది. ప్లేట్‌లెట్లు డెంగీలోనూ తగ్గుతాయి, మజ్జ ఎండినా తగ్గుతాయి, లుకేమియాలోనూ తగ్గుతాయి. ఆగని జ్వరం, ఎముకల నొప్పి, చిగుళ్ల నుండి రక్తం, ఒంటి మీద కారణం లేని కమిలిన మచ్చలు కనిపిస్తే రసాలతో దినాలు గడపవద్దు. లుకేమియాకు మందులు వాడుతున్నవారికి జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది అర్ధరాత్రి అయినా అత్యవసరమే.

ఎక్కడ అడగాలి

మన నగరంలో ఈ విషయంలో పేదరికం లేదు, దారి తెలియకపోవడమే ఉంది. తలసేమియా, సికిల్ సెల్ రోగుల కోసం 1998లో తల్లిదండ్రులు, వైద్యులు కలిసి స్థాపించిన తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ రాజేంద్రనగర్ దారిలోని శివరాంపల్లిలో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యువ్యాధుల సంస్థ, ఆసుపత్రి బేగంపేటలో ఉన్నాయి. జన్యుపరీక్షలకు పేరుపొందిన సి.డి.ఎఫ్.డి. సంస్థ ఉప్పల్‌లో, అనగా తార్నాకకు కూతవేటు దూరంలోనే ఉంది. హిమోఫీలియా రోగుల జాతీయ సమాఖ్య 1983లో ఏర్పడింది. నగరంలోనూ దాని శాఖ ఉంది. రక్త క్యాన్సర్లకు ఎర్ర కొండల వద్ద ఎం.ఎన్.జె. ఆసుపత్రి, పంజగుట్టలో నిమ్స్ ఉన్నాయి.

ఏ రక్తనిధిలో ఏ వర్గం రక్తం ఉన్నదో చూపే ఈ-రక్తకోశ్ సేవను కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించింది. అదే సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టం తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ మూడింటినీ గుర్తించింది. ధ్రువపత్రం తీసుకొనడం సిగ్గుపడవలసిన పని కాదు, హక్కు. తలసేమియా పిల్లలకు మజ్జ మార్పిడికి 10 లక్షల రూపాయల వరకు సహాయం చేసే బాలసేవా పథకం 2017 నుండి కోల్ ఇండియా నిధులతో నడుస్తోంది. సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న మొదలైంది. ఆరోగ్యశ్రీ క్రింద ఏ చికిత్స వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

సంబంధం కుదుర్చుకొనే ముందు

జాతకాలు చూస్తాం, గోత్రాలు చూస్తాం. చరకుడు గోత్రం వేరు కావాలన్న మాటతోనే ఒక అధ్యాయాన్ని ఆరంభించాడు. మనం మాత్రం మేనరికాన్ని ముద్దుగా చూసుకొంటాం. దేశంలో నూటికి 3 నుండి 4 మంది తలసేమియా లోపాన్ని మోస్తున్నారని అంచనా. వీరు రోగులు కారు, సుఖంగా జీవిస్తారు. ఇద్దరు వాహకులు కలిసినప్పుడే చిక్కు. ప్రతి గర్భంలోను జబ్బుకు నాలుగింట ఒక వంతు, వాహకులయ్యేందుకు సగం, ఏమీ లేకుండా ఉండేందుకు నాలుగింట ఒక వంతు అవకాశం. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికి రాదనుకోవడం పొరపాటు. హిమోగ్లోబిన్ ఎ2 అనే అంకె 3.5 శాతం దాటితే వాహకత్వాన్ని అనుమానించాలి. ఇనుము లోపం తీవ్రంగా ఉంటే ఈ అంకె తగ్గి కనబడవచ్చు కనుక వైద్యునికి చూపించి నిర్ధారించుకోవాలి. వాహకులిద్దరికీ వివాహమై ఉంటే గర్భం మూడవ నెలలోనే శిశువును పరీక్షించే మార్గం ఉంది.

ఆ లాలాగూడ బిడ్డ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజులలో ఇనుమును తీసివేసే మందు రాత్రంతా చర్మం క్రింద సూది ద్వారా ఇవ్వవలసినది. నోటి మాత్ర మన దేశంలో 1990ల మధ్యలో వచ్చింది. తండ్రి సంపాదన రక్తానికి చాలితే మందుకు చాలేది కాదు. పదునైదవ ఏట, 2005లో, గుండె బలహీనమై ఆ బాలుడు పోయాడు. నేను ఇచ్చిన మూడు నెలల మండూరం ఆ భారంలో ఎంత అన్నది లెక్క కట్టలేను. లెక్కలోనే లేదని కూడా అనలేను.

అప్పుడు గర్భంలో ఉన్న బిడ్డ ఆడపిల్ల. వాహకురాలిగా పుట్టింది, ఆరోగ్యంగా పెరిగింది. 2017లో ఆమె ఒకనాడు నా వైద్యశాలకు వచ్చి, చేతిసంచిలో నుండి తన పరీక్ష కాగితాన్ని తీసి బల్ల మీద పెట్టింది. “తాతయ్యా, మా మేనమామ కొడుకుకు నన్ను ఇస్తామంటున్నరు. అమ్మ వాహకురాలు గదా, మామకు సగం, బావకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటది. లగ్నం పెట్టుకొనే ముందు బావకూ పరీక్ష చేయించమని ఇంట్లో మీరు చెప్పాలె. అన్నప్పుడు అమ్మకు ఎవరూ చెప్పలేదు” అన్నది. ఆ లెక్కను నేను ఆమెకు నేర్పలేదు. తానే అడిగి, చదివి తెలుసుకొన్నది. వెళ్లి చెప్పాను. పిల్లవాని ఎ2 మామూలుగానే ఉన్నదని తేలింది. వివాహం జరిగింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వారిలో ఒకరు వాహకులని కాగితం ఉంది, ఆ కాగితం ఇంటి ఫైలులో ఉంది.

పాఠకులు ఈ వ్యాసం చదివి బీరువా తెరిచి, ఇంట్లోవారి పాత సి.బి.పి. కాగితాలను ఒకసారి బయటకు తీసి చూడగలరని ఆశిస్తాను. ‘రక్తం తక్కువ’ అని ఎవరైనా అన్నప్పుడు, నేనే అన్నా సరే, “ఎందువలన?” అని ఒక్క మాట అడగండి.